పడమటి మైదానమున ఒక కొత్తకాపురము
(‘మొదటి నాలుగేండ్లు’ — ఒక పరామర్శ)

అమెరికా దేశపు పడమటి సీమలను గూర్చి వెలువడిన సాహిత్యము మిక్కిలి విస్తారమైనది. అందు అధికభాగము పురుషుల కథయే. బీడు దున్నినవాడు, గుఱ్ఱమెక్కి పశువుల మందలను తోలినవాడు, తుపాకి చేతబట్టి తిరిగినవాడు ఆ కథలకు నాయకుడు. వాని వెంట బండిపై కూర్చుండి వచ్చి, గడ్డి తప్ప కనుచూపుమేరలో మఱేమియు లేని మైదానమున పొయ్యి వెలిగించిన పడుచుభార్య మాత్రము ఆ గ్రంథములలో తలుపు చాటుననే నిలిచిపోయినది. ఆమెయే కలము చేపట్టి తన కాపురమును తాను వర్ణించిన గ్రంథములు కొలదిగానే కలవు. వానిలో లారా ఇంగాల్స్ వైల్డర్ రచించిన ‘ది ఫస్ట్ ఫోర్ ఇయర్స్’, అనగా ‘మొదటి నాలుగేండ్లు’ అను చిన్న నవల యొకటి.

ఈ నవలకు లభించిన ఆదరణ అంతంతమాత్రమే. ఆమె రచించిన ఇతర గ్రంథములతో పోల్చి, ఇది చిత్తుప్రతియనియు, సొంపు లేనిదనియు, విషాదమయమనియు చెప్పి పక్కకు నెట్టినవారు పలువురు. ఆ మాటలలో సత్యము లేకపోలేదు. కాని ఏ గుణములను వారు లోపములుగా ఎన్నిరో ఆ గుణములే ఈ గ్రంథమునకు ప్రాణమని చూపుట ఈ వ్యాసమునకు ఉద్దేశము. అట్లని దీనిలోని నిజమైన లోపమును కప్పిపుచ్చుటయు తగదు. అదియు యథాస్థానమున చెప్పబడును.

గ్రంథ చరిత్ర

లారా 1867 ఫిబ్రవరి 7వ తేదీన విస్కాన్సిన్ రాష్ట్రమున పెపిన్ గ్రామము చేరువ జన్మించెను. ఆమె తండ్రి ఛార్లెస్ ఇంగాల్స్ ఒకచోట కాలు నిలువని మనిషి. కాన్సాస్, మిన్నెసోటా, అయోవా సీమలలో కుటుంబముతో తిరిగి తిరిగి, 1879లో డకోటా టెరిటరీకి చేరి, రైలుమార్గము వెంట కొత్తగా వెలసిన డి స్మెట్ అను ఊరిలో స్థిరపడెను. 1885 ఆగస్టు 25వ తేదీన లారా ఆల్మంజో వైల్డర్ అను రైతును పెండ్లియాడెను. అప్పటికామెకు 18 ఏండ్లు, అతనికి 28. అంతకుముందు ఆమె పల్లెబడులలో ఉపాధ్యాయినిగా పనిచేసియుండెను.

అరువదియైదేండ్ల ప్రాయమున, 1932లో, ఆమె తొలి గ్రంథము వెలువడినది. 1943 నాటికి ఎనిమిది గ్రంథములు వెలువడినవి. బాలసాహిత్యమున ‘లిటిల్ హౌస్’ గ్రంథమాలగా వానికి గలిగిన ప్రఖ్యాతి లోకవిదితము. ఎనిమిదవదియగు ‘దీజ్ హ్యాపీ గోల్డెన్ ఇయర్స్’ పెండ్లితో ముగియును. దంపతులు కొత్తయింటి గడపపై కూర్చుండి చల్లని సాయంసమయమున సంతుష్టులై యుండగా తెర పడును. లారా 1957 ఫిబ్రవరి 10వ తేదీన మిస్సోరీ రాష్ట్రమున మాన్స్‌ఫీల్డ్‌లో దివంగతురాలయ్యెను. ఆమె ఏకైక కుమార్తె, స్వయముగా ప్రసిద్ధ రచయిత్రియైన రోజ్ వైల్డర్ లేన్, 1968లో మరణించెను. ఆమె వారసుడగు రోజర్ లీ మెక్‌బ్రైడ్‌కు ఆమె కాగితములలో లారా స్వహస్తముతో పెన్సిలుతో వ్రాసిన ఒక ప్రతి లభించినది. అదియే 1971లో ‘ది ఫస్ట్ ఫోర్ ఇయర్స్’ అను పేర అచ్చయినది. భర్త 1949లో గతించిన పిమ్మట దానిని సవరించి ముగించుటకు ఆమెకు మనసు రాలేదేమోయని మెక్‌బ్రైడ్ ఊహించెను.

ఈ చరిత్ర నవలను అంచనా వేయుటకు మిక్కిలి అవసరమైనది. ఏలయన, తొలి ఎనిమిది గ్రంథములను తల్లి వ్రాయగా కుమార్తె విస్తారముగా దిద్దెననుట నేడు సుప్రసిద్ధ విషయము. ఆ దిద్దుబాటు ఏపాటిదన్న చర్చ 1993లో విలియం హోల్ట్జ్ రచించిన రోజ్ జీవితచరిత్ర వలన ముదిరినది. 2014లో లారా ఆత్మకథయగు ‘పయనీర్ గర్ల్’ వ్యాఖ్యాన సహితముగా వెలువడిన తరువాతను, 2017లో కారొలిన్ ఫ్రేజర్ రచించిన ‘ప్రెయిరీ ఫైర్స్’ వచ్చిన తరువాతను ఆ విషయము మరింత తేటపడినది. ‘మొదటి నాలుగేండ్లు’ మాత్రము కుమార్తె చేయి పడని రచన. కావున ఇందు వినబడునది తల్లి గొంతు ఒక్కటియే. అది కొంత బొంగురుగా ఉన్నను ఆమెదే.

ఒడంబడిక

నవల ప్రారంభమే ఒక వివాదము. వరుడు — ఈ గ్రంథమున ఆమె అతనిని మాన్లీ యని పిలుచును — పెండ్లి మాట ఎత్తగా, రైతును పెండ్లాడుట తనకు ఇష్టము లేదని వధువు తెగేసి చెప్పును. వ్యవసాయము స్త్రీకి గొడ్డుచాకిరి యనియు, రైతు అమ్ముదానికి ధర పట్టణమువాడే కట్టును, రైతు కొనుదానికిని ధర వాడే కట్టును గావున రైతు ఎన్నటికిని బాగుపడడనియు ఆమె వాదము. పదునెనిమిదేండ్ల పిల్ల నోట వెలువడిన ఈ ఆర్థిక సూత్రమును కొట్టివేయుటకు మాన్లీ వద్ద యుక్తి లేదు. ధనవంతులకు వేసవిలో మంచుగడ్డ దొరకును, పేదలకు చలికాలమున దొరకును, అంతే భేదమని ఒక చమత్కారముతో అతడు దాటవేయును. తుదకు ఇరువురును ఒక ఒడంబడికకు వత్తురు. మూడేండ్లు వ్యవసాయము చేసి చూడవలెను. అప్పటికి గిట్టుబాటు కానియెడల ఆమె కోరిన మఱొక వృత్తికి మరలవలెను. నవలలోని అధ్యాయములు ఈ ఒడంబడికను బట్టియే విభజింపబడినవి: మొదటి యేడు, రెండవ యేడు, మూడవ యేడు, అటుపిమ్మట అదనపు గడువుగా ఇచ్చిన నాలుగవ యేడు.

ఇట్టి నిర్మాణము పడమటి సీమల నవలలలో అరుదు. ఆ నవలలు సాధారణముగా భూమిని గెలుచుటతో ముగియును. ఇది లెక్క చూచుటతో ముగియును. ప్రతి యేటి చివర భార్య కూర్చుండి జమాఖర్చు సరిచూచుకొనును. ఏమి పండినది, ఏమి పోయినది, ఎంత అప్పు మిగిలినది అన్నదే ఆ అధ్యాయ సారాంశము. దీనిని కొందరు విమర్శకులు నీరసమనిరి. కాని సేద్యముపై బ్రతుకు కుటుంబమున గృహిణి ఆలోచన నడచు తీరు ఇదియే కదా! పంట ఇంటికి వచ్చువరకు ఆమెకు ఏ పండుగయు పూర్తి పండుగ కాదు. లారా ఆ సత్యమును అలంకరింపక నిలిపినది.

భూమి, చట్టము, వాన

ఈ కాపురమునకు ఆధారమైన భూమి ఎట్లు సంక్రమించినదో తెలిసిననే కథ యొక్క బరువు తెలియును. 1862 మే 20వ తేదీన అబ్రహాం లింకన్ సంతకము చేసిన హోంస్టెడ్ శాసనము ప్రకారము ఇరువదియొక్క యేండ్లు నిండినవారికి, లేక కుటుంబ యజమానికి, 160 ఎకరముల భూమి స్వల్ప రుసుముతో లభించును. ఐదేండ్లు దానిపై నివసించి సాగుచేసినచో పట్టా చేతికి వచ్చును. అవివాహితయైన స్త్రీయు, వితంతువును దరఖాస్తు పెట్టవచ్చును. కాని భర్తతో కాపురమున్న స్త్రీకి తన పేర అట్టి హక్కు లేదు. 1873లో వచ్చిన మఱొక శాసనము చెట్లు పెంచువారికి ఇంకొక 160 ఎకరములు ఇచ్చెను. 1878లో సవరించిన పిమ్మట పది యెకరములలో చెట్లు నాటి పెంచిన చాలును. మాన్లీకి ఈ రెండు విధముల భూమియు కలదు. మొత్తము 320 ఎకరములు. మన లెక్కలో అది చిన్న జమీందారీ.

కాని అంత భూమి ఉండియు ఆ కుటుంబము ఏల చితికినది? దీనికి సమాధానము నవలలో సిద్ధాంతరూపమున లేదు; సంఘటనల రూపమున కలదు. 1878లోనే జాన్ వెస్లీ పవెల్ అను భూశాస్త్రజ్ఞుడు ప్రభుత్వమునకు సమర్పించిన నివేదికలో, యేటికి ఇరువది అంగుళముల లోపు వాన గల పడమటి సీమలో నీటివసతి లేని సేద్యము నమ్మదగినది కాదని హెచ్చరించి, అచట పశువులమేతకు కుటుంబమునకు 2,560 ఎకరములు కావలెనని సూచించియుండెను. డి స్మెట్ ఆ పొడిసీమకు తూర్పు అంచుననున్నది. మంచి యేడు వానలు మెండు. చెడ్డ యేడు వడగాలి. 1880 దశకపు తొలి సంవత్సరములలో వానలు కురియగా, రైలు కంపెనీలును భూవ్యాపారులును చేసిన ప్రచారమును నమ్మి జనము వెల్లువవలె వచ్చిరి. లారా దంపతుల కాపురము సరిగా ఆ వెల్లువ వెనుకకు తీయు వేళ మొదలైనది.

నవలలో మొదటి యేటి గోధుమ చేను కోతకు సిద్ధమై పసిడివలె మెరయుచుండగా వడగండ్లు కొన్ని నిమిషములలో నేలమట్టము చేసినవి. తరువాతి యేండ్లలో అనావృష్టి వచ్చినది. పంట గింజ పట్టువేళ దక్షిణపు వడగాలి వీచి చేను ఎండగొట్టినది. పది యెకరములలో నాటిన చెట్లు నిలువునా మాడిపోయినవి. చెట్లు చచ్చినందున చట్టము ప్రకారము ఆ భూమి నిలువదు. దానిని నిలుపుకొనుటకు మాన్లీ మఱొక పద్ధతిలో, ఎకరమునకు ఒకటింబావు డాలరు చొప్పున రెండువందల డాలర్లు చెల్లించుటకు ఒప్పుకొనవలసి వచ్చినది. ఉచితముగా వచ్చిన భూమి ఈ విధముగా వెలకట్టి కొనవలసిన భూమియైనది. రోజ్ లేన్ తన తల్లిదండ్రుల అనుభవమునే ఆధారముగా గొని 1938లో వ్రాసిన నవలకు ‘ఫ్రీ లాండ్’ అని పేరు పెట్టుటలోని వ్యంగ్యము ఇదియే. అయితే ఆ నవలలో నాయకుడు డేవిడ్ బీటన్ అను యువకుడు. భూమిని అతని కన్నులతో చూచితిమి. తల్లి వ్రాసిన దానిలో ఆ భూమినే వంటింటి కిటికీ నుండి చూతుము. ఈ రెంటిని పక్కపక్కన పెట్టి చదివినవారికి ఒకే పేదరికము రెండు విధములుగా కనబడును.

అప్పు తెలిసిన నాడు

నవలలో అత్యంత సమర్థముగా చిత్రింపబడిన ఘట్టము వడగండ్ల నాటిది. పంట పోయినది. ఇంటికి వచ్చిన చుట్టములు నిశ్చేష్టులై యున్నారు. అప్పుడు మాన్లీ, పడిన వడగండ్లను ఏరి తెచ్చెదను, ఐస్‌క్రీము చేసికొందమని పలికెను. అతనిది ధైర్యమా, మొండితనమా, భార్యను నవ్వింపబూనిన దీనమైన ప్రయత్నమా అని రచయిత్రి చెప్పదు. వచ్చిన అతిథి అది తన గొంతు దిగదని చెప్పి ఇంటికి బయలుదేరును. అటుపై ఆలుమగలు అప్పుల లెక్కకు కూర్చుందురు. యంత్రములకు ఇంత, కోతయంత్రమునకు ఇంత అని చెప్పుచు చెప్పుచు మాన్లీ, ఇంటి నిర్మాణమునకే ఇంకను ఐదువందల డాలర్లు బాకీ యున్నదని బయటపెట్టును. లారాకు ఆ సంగతి ఆ క్షణమునందే తెలిసినది.

ఈ ఒక్క వాక్యముతో నవల మలుపు తిరుగును. ఏ ఇంటి సొరుగులను, అరలను చూచి కొత్తకోడలు మురిసిపోయినదో, ఏ ఇంటిని తనదని తుడిచి తుడిచి అద్దమువలె ఉంచినదో ఆ ఇల్లు అప్పుల ఇల్లు. భర్త దుష్టుడు కాడు. ఆమెను బాధపెట్టుట ఇష్టము లేక దాచినాడు. కాని దాచినాడు. ఆమె అతనిని నిందింపదు. పాఠకుని కూడ నిందింపనీయదు. ఆ ఇల్లు అద్దెకిచ్చి, హోంస్టెడ్ భూమిని తాకట్టుపెట్టుటకై దానిపైనున్న చిన్న గుడిసెకు తరలిపోవుదురు. ఒడంబడికలో సమభాగస్వామినిగా అడుగిడిన స్త్రీ అప్పులో భాగస్వామిని, నిర్ణయములో మాత్రము కాదు అని కథ తనంత తాను చెప్పును. ఎనిమిదవ గ్రంథమున పెండ్లి ప్రమాణములో ‘విధేయురాలనై యుందును’ అను మాట పలుకబోనని ఆమె భర్తతో ముందే చెప్పి ఒప్పించిన వృత్తాంతము కలదు. మాట తీసివేసినంత మాత్రమున విధేయత తొలగలేదని ఈ తొమ్మిదవ గ్రంథము తెలుపుచున్నది. ఈ రెంటి నడుమ ఉన్న దూరమే లారా జీవితానుభవము.

అయినను ఆమె నిష్క్రియురాలు కాదు. తన సొంత గుఱ్ఱపుపిల్లను అమ్మగా వచ్చిన నూరు డాలర్లను దాచుకొనక, బంధువుతో కలసి గొఱ్ఱెలపై పెట్టెను. గోధుమ మునిగినను గొఱ్ఱెలు ముంచలేదు. కుటుంబమును కొంతవరకు తేల్చినది ఆ పెట్టుబడియే. రచయిత్రి ఈ సంగతిని గర్వముతో చాటక, లెక్కలో ఒక పద్దుగా వ్రాసి ఊరకుండెను. చదువరి మాత్రము దానిని విస్మరింపరాదు.

వంటిల్లు, పురుడు, మృత్యువు

గృహకృత్యముల వర్ణనలో ఈ నవల నిజాయితీ ప్రశంసనీయము. పెండ్లియైన వెంటనే నూర్పిడివారికి భోజనము పెట్టవలసి వచ్చినది. కొత్త ఇల్లాలు తొందరలో చిక్కుడుగింజలు సరిగా ఉడకనీయలేదు. పుల్లని రూబార్బు కాడలతో చేసిన తీపివంటకమున పంచదార వేయుట మఱచినది. పొరుగు రైతు ఒకడు ఏమియు అనక, పై పొరను ఎత్తి లోపల పంచదార దట్టముగా చల్లుకొని, ఇట్లు ఎవరికి తోచినంత వారు వేసికొనుటయే మేలని పలికి ఆమె మానము కాపాడెను. తొలి గ్రంథములలోని తల్లి కారొలిన్ చేత ఏ వంటయు చెడినట్లు కనబడదు. ఆ ఆదర్శగృహిణి కూతురు తన వైఫల్యమును తానే నవ్వుచు చెప్పుకొనుట ఈ గ్రంథమునకు మానుషత్వము నిచ్చినది.

1886 డిసెంబరు 5వ తేదీన కుమార్తె రోజ్ పుట్టెను. గర్భిణియై లారా పడిన అవస్థ, వేవిళ్లతో పొయ్యి దగ్గర నిలువలేకపోవుట, వైద్యమునకును సహాయమునకును సుమారు నూరు డాలర్లు కరగిపోవుట — ఇవి పిల్లల గ్రంథములలో చోటు లేని విషయములు. సంతానము లేని పొరుగు దంపతులు తమ మేలైన గుఱ్ఱమును ఇచ్చి పసికందును తీసికొందుమని బేలగా అడిగిన ఘట్టము పాఠకుని మనసున చిరకాలము నిలుచును. లారా భయపడి బిడ్డను హత్తుకొనును; అయినను వారిని తిట్టదు. మైదానపు ఒంటరితనము మనుష్యులను ఎంతవరకు తెచ్చునో ఆ ఒక్క ఘట్టము చెప్పును.

1888లో దంపతులిరువురకును డిఫ్తీరియా వ్యాధి సోకెను. బిడ్డను తల్లిగారింటికి పంపవలసి వచ్చెను. పూర్తిగా కోలుకొనకమునుపే మాన్లీ పనికి దిగినందున కాలుసేతులు పట్టుదప్పెను. ఆ బలహీనత అతనిని జీవితాంతము విడువలేదు. 1889 వేసవిలో ఒక మగశిశువు జన్మించి, పేరైనను పెట్టకమునుపే కొన్ని వారములలో మరణించెను. ఆగస్టులో వంటింటి పొయ్యి నుండి నిప్పంటుకొని ఇల్లు కాలిపోయెను. మిగిలినవి కొన్ని బట్టలు, పత్రముల పెట్టె, అనుదినాహారమును ప్రార్థించు మాటలు చెక్కిన ఒక గాజు రొట్టెపళ్లెము మొదలగు కొలది వస్తువులు. ఇల్లు కాలునపుడు లారా నోట వచ్చినది తన నష్టము కాదు. భర్త తన్నేమనునోయన్న భయము. ఇందరు పాఠకులకు ఈ నవల మింగుడుపడకపోవుటకు ఇట్టి వాక్యములే కారణము. కాని పదునెనిమిదవ యేట తర్కము చేసిన పిల్ల ఇరువదిరెండవ యేట ఏమైనదో ఇంతకంటె స్పష్టముగా మఱేవాక్యము చెప్పగలదు?

శిశుమరణమును గూర్చి రచయిత్రి వ్రాసినది కొన్ని పంక్తులు మాత్రమే. కొందరు దీనిని చిత్తుప్రతి లక్షణమనిరి. కావచ్చును. కాని ఆ పంక్తులు వ్రాసిన స్త్రీ అప్పటికి అర్ధశతాబ్ది వయసు ఏనాడో దాటినది. అన్ని యేండ్లు గడచిన పిదపను ఆమె దానిని విస్తరింపలేకపోయినది. శోకమును వర్ణించుటకు భాష చాలనప్పుడు మితభాషణమే శోకమునకు రూపమగును. ఇచట కొఱత రచనలో లేదు. మనసు పట్టలేని బరువే అంత కొద్ది మాటలలో ఒదిగినది.

నిజమైన లోపము

ఈ గ్రంథమునకు నిజమైన లోపము వేఱొకచోట కలదు. ఒకనాడు భర్త లేని సమయమున ఐదుగురు ఆదిమవాసులు ఇంటికి వచ్చుట, లారా వారిని వెంబడించి పశుశాల వద్ద ఎదిరించుట, ఒకడు చేయి పట్టగా అతని చెంపపై కొట్టుట ఇందు వర్ణింపబడినది. ఈ ఘట్టము కథానాయిక సాహసమునకు నిదర్శనముగా మాత్రమే నడచినది. ఆ వచ్చినవారెవరు, ఎచటినుండి ఎచటికి పోవుచున్నారు, ఆ నేల అంతకుముందు ఎవరిది అను ప్రశ్న రచయిత్రికి తోచలేదు. ఆమె కాపురము కూలిన 1889లోనే, మార్చి 2వ తేదీన, అమెరికా శాసనసభ చేసిన చట్టమువలన సూ జాతుల మహారక్షితభూమి ముక్కలై, సుమారు 90 లక్షల ఎకరములు వలసదారులకై తెరువబడినది. అదే సంవత్సరము నవంబరు 2న దక్షిణ డకోటా రాష్ట్రమేర్పడినది. 1890 డిసెంబరు 29న వూండెడ్ నీ వద్ద ఆ జాతి స్త్రీలు, శిశువులు సహితము సైన్యము తుపాకులకు బలియైరి. లారా పోగొట్టుకొన్న బిడ్డను గూర్చి కంటతడి పెట్టు పాఠకుడు, అదే మైదానమున పేరు చెప్పువారు లేక పోయిన బిడ్డలను మఱచుట న్యాయము కాదు.

అమెరికా గ్రంథాలయ సంఘపు బాలసాహిత్య విభాగము 1954 నుండి లారా పేర ఇచ్చుచుండిన పురస్కారమునకు 2018లో ఆమె పేరు తొలగించి వేఱు పేరు పెట్టుటకు కారణము ఆమె గ్రంథములలో ఆదిమవాసులను, నల్లజాతివారిని చిత్రించిన తీరే. ఆ నిర్ణయమును కొందరు మెచ్చిరి, కొందరు గర్హించిరి. గ్రంథములను చదువుట మానవలెనని ఆ సంఘము చెప్పలేదు. చదువునపుడు కనులు తెరచి చదువవలెననుటయే దాని సారము. ‘మొదటి నాలుగేండ్లు’ నవలకును ఈ నియమము వర్తించును. తన అప్పులన్నిటిని అణాపైసలతో లెక్కకట్టిన రచయిత్రి, భూమికి గల తొలి అప్పును మాత్రము పద్దులో వ్రాయలేదు.

శైలీవిచారము

ఈ నవల శైలి పొడిపొడి వాక్యముల శైలి. తొలి గ్రంథములలోని లయ, ఫిడేలు పాటలు, పండుగ వంటల వర్ణనలు ఇందు లేవు. అయితే 1914లో ఎలినోర్ ప్రూయిట్ స్ట్యూవర్ట్ ప్రకటించిన ‘లెటర్స్ ఆఫ్ ఎ వుమన్ హోంస్టెడర్’ అను లేఖాసంపుటితో దీనిని పోల్చి చూడదగును. ఆమె 1909లో వయోమింగు చేరి, తన పేరనే భూమికి దరఖాస్తు పెట్టిన ధీరురాలు. ఆమె లేఖలు ఉత్సాహభరితములు. నగరములలో బట్టలుతుకుకొని బ్రతుకు స్త్రీలందరును వచ్చి భూమి పట్టవలెనని ఆమె బోధ. కాని వచ్చిన కొలదికాలమునకే ఆమె పొరుగు రైతును పెండ్లాడిన సంగతిని ఆ లేఖలు చాలకాలము బయటపెట్టలేదు. ఆ దరఖాస్తు భూమియు తుదకు ఆమె చేతిలో నిలువలేదు. సొగసైన శైలి కప్పిపుచ్చిన సంగతి అది. లారా పొడి శైలి అట్లు కప్పిపుచ్చజాలదు. సొగసు లేకుండుట దాని దరిద్రమైనచో, దాపరికము లేకుండుట దాని సంపద.

ముగింపు విషయమున మాత్రము రచయిత్రి తడబడినట్లు కనబడును. నాలుగేండ్లు ముగిసినవి, ఒడంబడిక ప్రకారము ఆమె గెలిచినది, సేద్యము ఓడినది. అయినను ఆమె చివర పుటలలో రైతు సహజమైన ఆశను, రానున్న యేటిపై నమ్మకమును, పూర్వుల పయనీర్ సత్తువను స్మరించి, ఇంకను కొనసాగుదుమన్న ధ్వనితో ముగించును. చరిత్ర వేఱు విధముగా నడచినది. 1890లో ఆ కుటుంబము డకోటా విడిచి మిన్నెసోటా, అటుపై ఫ్లోరిడా పోయి, 1892లో మరలి వచ్చి, 1894లో బండిపై మిస్సోరీకి శాశ్వతముగా తరలిపోయెను. అచట వారు మరల సేద్యమునే చేసిరి. కాని ఈసారి వానలు గల కొండనేలను ఎన్నుకొని, గోధుమ ఒక్కదానినే నమ్ముకొనక కోళ్లు, పాడి, ఆపిలు తోట కలిపి సాగించిరి. అప్పుకు భయపడుట డకోటా వారికి నేర్పిన పాఠము. నవల ముగింపులోని ఆశ పొల్లుమాట కాదని, కాని అది ఫలించినది డకోటాలో కాదని గ్రహించి చదువవలెను.

ఉపసంహారము

స్వస్థలము విడిచి పరసీమలలో వేరూనిన కుటుంబముల చరిత్రలు వ్రాయునపుడు సామాన్యముగా ఎన్ని యెకరములు సాగులోనికి వచ్చినవి, ఎన్ని గుడులు, బడులు వెలసినవి అని లెక్కింతురు. 1953లో తుంగభద్ర ఆనకట్ట పూర్తియైన పిమ్మట కోస్తా జిల్లాల నుండి రాయచూరు, బళ్లారి ప్రాంతములకు తరలిపోయిన తెలుగు రైతుల ఊళ్లు నేటికిని ‘క్యాంపులు’ అను పేరనే వ్యవహరింపబడుచున్నవి. వారి పరిస్థితులు డకోటా పరిస్థితులతో సమానములు కావు. వారికి భూమి ఉచితముగా రాలేదు. కొనిరి, కౌలుకు చేసిరి. కాలువ నీరు వారికి ఆధారమైనది. పోలికను అంతకుమించి సాగదీయుట తగదు. కాని నల్లరేగడి బీటిపై మొదటి పొయ్యి వెలిగించిన ఇల్లాండ్ర జమాఖర్చు అచ్చులోనికి వచ్చినది బహుస్వల్పమనుట మాత్రము రెండుచోట్లను ఒక్కటియే.

లారా వైల్డర్ నవల గొప్పతనము ఆ జమాఖర్చును దాచకుండుటలో ఉన్నది. ఆమె వ్రాసిన ఎనిమిది గ్రంథములు పడమటి సీమను ఒక బాలిక కలగా లోకమునకు ఇచ్చినవి. తొమ్మిదవది అదే బాలిక ఇల్లాలై ఆ కలకు కట్టిన వెల. కల చదివినవారు కోట్లమంది. వెల చదివినవారు తక్కువ. ఆ రెండవ గ్రంథమును కూడ చదివిననే మొదటివాని విలువ సరిగా తెలియును.